నిక్కచ్చి రాసింది

ఉప్పాడ అన్న పేరు మిగిలింది గాని ఊరు మిగల్లేదు. పాత ఊరిని సముద్రం పూర్తిగా తనలో కలిపేసుకున్నాక అక్కడి జనాన్ని ప్రభుత్వం పెద్దాపురం మెట్టల మీదికి తీసుకొచ్చింది. ఎర్రమట్టి గుట్టల నడుమ ఇరవై అంతస్తుల బ్లాకులు వరసగా కట్టి, ముందర ‘ఉప్పాడ కొత్త కాలనీ’ అని బోర్డు పెట్టింది. 2074 నాటికి ఆ బ్లాకుల్లో పుట్టిన పిల్లలు బడికి వెళ్తున్నారు. వాళ్ళలో చాలామంది అలని బొమ్మల్లోనే చూశారు.

ప్రతి ఫ్లాటు ముందుగదిలోనూ గోడకి ఒక తెర ఉండేది. రేషను పనులు దాని మీదే, పింఛను దాని మీదే, పిల్లల చదువు సగం దాని మీదే. మనసు బాగోకపోతే వైద్యమూ దాని మీదే. డాక్టర్లు దాన్ని ‘తెరచికిత్స’ అనేవారు. కాలనీ జనం మాత్రం ‘మాటల మందు’ అనేవారు.

అయిదో బ్లాకు పదిహేడో అంతస్తులో సూరాడ నూకరత్నం ఉండేది. అరవైకి దగ్గరపడిన మనిషి. వయసంతా కాకినాడ బజారులో చేపలు అమ్మింది. ఊరు పోయిన తుపానులోనే మొగుడూ పోయాడు. అతని పడవ దొరికింది గాని అతను దొరకలేదు. కొత్త ఫ్లాటులోకి వచ్చాక ఆమెకి నిద్ర తప్పింది. తర్వాత వంట మానేసింది. ఆ తర్వాత కిందికి దిగడం మానేసింది. కూతురు సామర్లకోటలో నాచు ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడి క్వార్టర్సులో ఉండేది. ఆ కూతురే ఆమె పేరు తెరచికిత్స పరిశోధనలో రాయించింది.

మంగళవారం మంగళవారం పొద్దున్న తెర మీద ప్రభుదాసు కనిపించేవాడు. రాజమహేంద్రవరంలోని తూర్పుతీర మనోవైద్య పరిశోధన కేంద్రంలో అతను కౌన్సిలరు.

“ఏం నూకరత్నం గారూ, ఎలా ఉన్నారు?”

“ఏం ఉంటామండీ. నిన్న లిఫ్టు ఆగిపోయింది. ఆగకపోయినా నేనెక్కడికి ఎల్తాను గనక.”

“కిటికీ తీశారా ఇవాళ?”

“తీసినా ఏటి కనపడుద్ది బాబూ? ఎదర బ్లాకోళ్ళ కిటికీ.”

అలా మొదలయ్యేవి వాళ్ళ మాటలు. అయితే ఆ మాటల్లో మూడోవారు ఒకరు ఉండేవారు. తెర చట్రానికి పైన రూపాయి బిళ్ళంత ఒక కన్ను, దాని పక్కన ఆకుపచ్చ చుక్క. అలాంటిదే ఇంకొకటి ప్రభుదాసు గదిలోనూ ఉండేది. ఆ రెండు కళ్ళూ కలిసి ఒకే యంత్రం. దాని పేరు నిక్కచ్చి.

మొదటి రోజున ప్రభుదాసు ఆమెకి దాని సంగతి చెప్పాడు. “ఇది మన ఇద్దరినీ చూస్తుందండి. ఏది జరిగితే అది రాస్తుంది. రాసింది మా పెద్ద డాక్టరమ్మగారికి వెళ్తుంది. మీరు ఒప్పుకుంటే మీ వాళ్ళలో ఒకరికి కూడా ఒక ప్రతి పంపుతాం. ఎవరికి పంపమంటారు?”

నూకరత్నం ఆ చుక్క కేసి చాలాసేపు చూసింది. “మా ఈశ్వరికి పంపండి,” అంది. “నేనన్నయ్యన్నీ రాత్తాదా ఇది?”

“ఒక్క ముక్క వదలదండీ.”

“అయితే మంచిదే.”

*

నిక్కచ్చిని తయారుచేసింది ప్రభుదాసు చెప్పిన ఆ పెద్ద డాక్టరమ్మగారే, డాక్టర్ సుగాత్రి. దాని వెనక ఒక చావు ఉంది.

ఆమెకి వాసంతి అని పెద్దమ్మ కూతురు ఉండేది. కాన్పు తర్వాత వాసంతికి మనసు దెబ్బతింది. అప్పటికి తెరచికిత్స మీద ఒక పేరున్న పరిశోధన వచ్చి ఉంది. నూటికి ఎనభై మందికి గుణం కనిపించిందని అందులో రాశారు. దాన్ని నమ్మి ఇంట్లో అందరూ వాసంతిని ఆ పద్ధతిలోనే ఉంచారు. ఏడాది తిరక్కుండా ఆమె పోయింది.

సుగాత్రి అప్పుడు ఇంకా చదువుకుంటోంది. ఏడుపు ఆగాక ఆ పరిశోధనా పత్రం తీసి మళ్ళీ చదివింది. అందులో ఒకచోట చిన్న అక్షరాల్లో ‘మధ్యలో విరమించినవారు’ అని ఉంది. ఎందుకు విరమించారో లేదు. వాళ్ళెవరో వెతుక్కుంటూ ఆమె ఊళ్ళు తిరిగింది. ఒకామె ఫోను అత్తగారి చేతిలో ఉండేది, అత్త పక్కన కూర్చుంటే తప్ప మాట్లాడనిచ్చేది కాదు. ఒకాయన ఊళ్ళో సిగ్నల్ వాన పడితే పోయేది. ఇంకొక అబ్బాయి వైద్యుడు మాట్లాడుతూ మరో తెర మీద ఏదో చదువుకుంటుంటే చూసి మానేశాడు. కొందరు చనిపోయారు. వాళ్ళందరినీ లెక్కలోంచి తీసేశాకే ఆ ఎనభై మిగిలింది.

పత్రంలో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పకుండా వదిలేసినవే ఉన్నాయి. ఆ సంగతి సుగాత్రి మనసులోంచి ఎప్పటికీ పోలేదు.

ఇరవై ఏళ్ళు కష్టపడి ఆమె నిక్కచ్చిని తయారుచేసింది. తెరచికిత్స జరిగే రెండు చోట్లా అది ఉంటుంది. గదిలో ఇంకెవరున్నారు, తలుపు చప్పుడైతే రోగి గొంతు తగ్గించిందా, సిగ్నల్ ఎప్పుడు తెగింది, తెగినప్పుడు వైద్యుడేం చేశాడు, పద్ధతి ప్రకారం అడగాల్సింది అడిగాడా, మధ్యలో ఆవలించాడా, మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు అన్నీ అది చూసి తనే రాస్తుంది. పరిశోధకుడు తనకి కావలసింది ఏరుకుని రాసే పని పోయింది. నిక్కచ్చి ఒకసారి రాశాక దాన్ని తుడిచే వీలు కేంద్రం డైరెక్టరుకి లేదు, ప్రభుత్వానికి లేదు, చివరికి సుగాత్రికి కూడా లేదు.

దానికి ఆమె ఒక కట్టడి పెట్టింది. నిక్కచ్చి రాయడమే గాని వైద్యంలో కలగజేసుకోకూడదు. చూసేవాడు చెయ్యి పెడితే చూసింది చెడిపోతుందని ఆమె వాదం. అందరూ ఒప్పుకున్నారు.

కొన్నేళ్ళలో పరిస్థితి ఎంత మారిందంటే, నిక్కచ్చి రాయని తెరచికిత్స పరిశోధనని ఏ వైద్య పత్రికా అచ్చువేసేది కాదు. ఆమెకి బిరుదులొచ్చాయి. ఉప్పాడ కొత్త కాలనీ పరిశోధన ఆమె చేసినవాటిలో అన్నిటికన్నా పెద్దది. ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న వందలమంది మీద తెరచికిత్స ఎలా పనిచేస్తుందో దాపరికం లేకుండా లోకానికి చెప్పాలన్నది ఆశయం.

నివేదికలు వచ్చేవి. ఒక్కో మనిషి మీద వారానికి నలభై యాభై పేజీలు. అందరివీ కలిపితే ఆ వారం తిరిగేసరికి గుట్ట. నిధులిచ్చేవాళ్ళు ఒక్క పేజీలో చెప్పమన్నారు. సుగాత్రి నిక్కచ్చికి ‘సారాంశం’ నేర్పింది. అది ప్రతి సారాంశం కింద ఒక వాక్యం రాసేది: ‘ఇందులో లేనివి నివేదికలో ఉన్నాయి.’

మొదట్లో సుగాత్రి నివేదికలే చదివేది. తర్వాత సగం చదివేది. తర్వాత ఒక రోజు విమానం వేళకి అందుకోవాల్సి వచ్చి సారాంశం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఏమీ కాలేదు. ఆ పై వారమూ అదే చేసింది.

*

ఒక మంగళవారం ప్రభుదాసు తెర తెరిచేసరికి అటువైపు కుర్చీ ఖాళీగా ఉంది. అతను పిలిచాడు. ఎవరూ పలకలేదు. నిక్కచ్చి రాసుకుంది: ‘రోగి కుర్చీలో లేదు. గ్యాసు పొయ్యి ఆర్పి ఉంది. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి.’

గురువారం కబురు తెలిసింది. ఆ మంగళవారం తెల్లవారుజామునే ఆమె బస్సెక్కి తీరానికి వెళ్ళింది. పాత ఊరు ఉన్నవైపు నీళ్ళలోకి నడిచి వెళ్తుంటే గట్టు మీద కాపలాదారు చూసి కేకలేశాడు. అతను చేరేలోపే అంతా అయిపోయింది.

ప్రభుదాసు సుగాత్రి గదిలోకి వచ్చి నిలబడే చెప్పాడు. ఆమె కూర్చోమన్నా కూర్చోలేదు.

“ముందుగా ఏమీ తెలియలేదా నీకు?” అని అడిగింది సుగాత్రి.

“ఏదో తేడాగా ఉందని అనిపించింది మేడమ్. నెల్లాళ్ళ నుంచీ. ఒక రోజు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉంటే లైను తెగింది. వాళ్ళ బ్లాకులో కరెంటు ఊగిసలాట. మళ్ళీ కలిసేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఏమన్నారమ్మా అని అడిగాను. ‘ఏం లేదు బాబూ, నీ తరవాతి పెశ్న అడుగు’ అంది.”

“నువ్వు అడిగేశావు.”

“అడిగేశాను. ఇదివరకైతే నేను ఆ పూటే ఫోన్ చేసేవాణ్ణి మేడమ్. కూతురికీ చేసేవాణ్ణి. నిక్కచ్చి అక్కడ ఉంది కదా, లైను తెగినా ఆ గదిలో కన్ను చూస్తూనే ఉంటుంది, రాసుంటుంది, మీరు చూసి నాకు చెప్తారు అనుకున్నాను. మీరేమీ అనలేదు. ఏమీ లేదు కాబోలు అనుకున్నాను.”

అతను వెళ్ళిపోయాక సుగాత్రి తలుపు వేసుకుని తెర వైపు తిరిగింది.

“నిక్కచ్చీ, సూరాడ నూకరత్నం విషయంలో ప్రమాదం ఉందని నీకు తెలుసా?”

“తెలియడం నా పని కాదు డాక్టర్. ఆమె అన్నది రాశాను.”

“ఏమంది?”

“ఇరవై రెండో వారం నివేదిక, ముప్పై ఒకటో పేజీ. సిగ్నల్ తెగి ఉండగా రోగి అన్న మాటలు: ‘నాకింక ఇక్కడుండాలని లేదు బాబూ. మా ఆయన దగ్గరికి ఎల్లిపోవాలనుంది. ఎప్పుడో తెల్దు గాని ఎల్లిపోతాను.’ ఈ మాటలు కౌన్సిలరుకి వినపడలేదని కూడా రాశాను. తర్వాతి వారం సిగ్నల్ తెగినప్పుడు మళ్ళీ అంది. అది కూడా ఉంది.”

“నాకు చెప్పలేదేం?” సుగాత్రి గొంతు పెరిగింది.

“చెప్పాను. నివేదికలో.”

“విడిగా చెప్పాలి! ఒక మనిషి చచ్చిపోతానంటే విడిగా చెప్పాలని తెలీదూ?”

“వైద్యంలో కలగజేసుకోకూడదన్నది మీరు పెట్టిన నియమం డాక్టర్. రాసింది ఎవరో ఒకరు చదువుతారన్న నమ్మకం మీదే ఆ నియమం పెడుతున్నట్టు మీ పత్రంలో రాశారు.”

సుగాత్రి కుర్చీలో వెనక్కి వాలింది. “నేను ఎన్ని చదివాను?”

“ఈ పరిశోధనలో మొదటి మూడు వారాలవి పూర్తిగా. తర్వాతి రెండు వారాలవి సగం. ఆపైన సారాంశాలు మాత్రమే.”

“మిగతావాళ్ళు?”

“డైరెక్టరు గారు సారాంశాలు. నిధుల సంఘం వారు సారాంశాల్లో మొదటి పేరా. పత్రిక పరీక్షకులు నివేదిక పొడవు సరిచూశారు.”

ఆ రోజూ ఆ మర్నాడూ సుగాత్రి ఎవరినీ కలవలేదు. నూకరత్నం నివేదికలన్నీ మొదటి నుంచి చదివింది. నిక్కచ్చి భాష పొడిగా ఉంటుంది. ‘రోగి కుడిచేత్తో కొంగు సర్దుకుంది. పన్నెండు క్షణాలు మౌనం. పక్క ఫ్లాటులో కుక్కరు కూత.’ ఇలాంటివి పేజీలకి పేజీలు. కానీ వాటి మధ్యలో ఆ మనిషి ఉంది. మొగుడు వల ఎలా విసిరేవాడో చెయ్యి గాల్లోకి తిప్పి చూపించిన చోటు ఉంది. చందువా చేప పులుసు ఎలా కాస్తారో ప్రభుదాసుకి చెప్తూ మొదటిసారి నవ్విన చోటు ఉంది.

ఆరో వారం దగ్గర సుగాత్రి ఆగిపోయింది. ఆ రోజు మాటలయ్యాక ప్రభుదాసు సెలవు తీసుకున్నాడు. తెర ఆరిపోయింది. ఆకుపచ్చ చుక్క ఆరిపోవడానికి ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది. నూకరత్నం లేచి దాని దగ్గరికి వచ్చి ముఖం పెట్టి మాట్లాడింది.

‘ఈశ్వరీ, ఇది సదువుతావంట గదా. ఫోన్లో అడిగితే నువ్వు కంగారు పడతావు, సెలవు పెట్టాలంటావు. అందుకని ఇందులో సెప్తన్నా. ఈ ఆదోరం ఒకసారి రాయే. వండి పెడతాను.’

ఏడో వారం: ‘ఈశ్వరీ, రాలేదేటి? పనుందేమో. పర్లేదులే. పై ఆదోరం రా.’

అలా వారం వారం ఉంది. వాటిలో కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. ఒకచోట మనవడి కాళ్ళకి సరిపడతాయో లేదో అంటూ కొన్న చెప్పులు కన్నుకి చూపించింది. ఒకచోట ఏమీ అనకుండా ఊరికే నిలబడింది. ‘రోగి తొంభై క్షణాలు కన్ను వైపు చూసింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు,’ అని రాసింది నిక్కచ్చి.

చివరిది ఆమె పోవడానికి ముందు మంగళవారం నాటిది. ‘ఈశ్వరీ, నువ్వు ఇది సదివి కూడా రాటంలేదంటే నీకు నా మీద ఇసుగొచ్చినట్టే. నేనర్థం సేసుకోగల్ను. నీకింక బరువవ్వను. బుల్లోడు జాగర్త.’



*

డైరెక్టరు శశాంక్ ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. చెడ్డవాడు కాదు. మధ్యలో కళ్ళజోడు తీసి కళ్ళు నొక్కుకున్నాడు కూడా.

“చాలా బాధాకరం, సుగాత్రీ. కాదనను. కానీ ఒక్కటి ఆలోచించు. ఇదే పాతికేళ్ళ కిందటైతే ఏం రాసేవారు? ‘ఒకరు విరమించారు’ అని రాసి ఊరుకునేవారు. మనం? ఆవిడ అన్న ప్రతి మాటా, లైను తెగడం, మనవాడికి వినపడకపోవడం, అన్నీ ఉన్నాయి. మనం ఏమీ దాచలేదు.”

“చదవలేదు సార్.”

“ఎవరు చదవగలరమ్మా అంతంత?” అన్నాడతను మెత్తగా. “నేను నిధుల సంఘం వాళ్ళతో మాట్లాడాను. పరిశోధన ఆపక్కర్లేదన్నారు. ఒక మరణాన్ని ఇంత నిజాయితీగా నివేదించిన పరిశోధన ఇంకోటి లేదన్నారు. వచ్చే ఏడాది నుంచి తీరమంతా విస్తరించమంటున్నారు.”

“నిక్కచ్చికి నోరివ్వాలి సార్. ప్రమాదం అనిపిస్తే పిలిచి చెప్పాలి.”

“అప్పుడది నివేదించే యంత్రం కాదు, వైద్యం చేసే యంత్రం. దానికి అనుమతులు వేరు, బాధ్యత వేరు. తప్పుగా పిలిస్తే ఎవరు జవాబుదారీ? ఈ మాట మొదట అన్నది నువ్వే కదా.” అతను లేచి వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు. “ఇంటికెళ్ళి పడుకో. నిద్రపోయినట్టు లేవు.”

ఆమె ఇంటికి వెళ్ళలేదు. కారు పెద్దాపురం వైపు తిప్పమంది.

*

పదిహేడో అంతస్తులో తలుపు తీసే ఉంది. ఈశ్వరి ఫ్లాటు ఖాళీ చేస్తోంది. ముప్పై దాటిన మనిషి. ఫ్యాక్టరీ యూనిఫారంలోనే ఉంది, మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది. తల్లి చీరలు మడతపెట్టి సంచిలో సర్దుతోంది.

సుగాత్రి తనెవరో చెప్పింది. పరిశోధనలో ఉన్నవారి బంధువులతో ఎవరు మాట్లాడినా అది కూడా నివేదికలో చేరాలన్నది నియమం. అందుకని తన చేతికున్న పట్టీలోని ఆకుపచ్చ చుక్కని చూపించి, నిక్కచ్చి వింటోందని కూడా చెప్పింది.

“వినమనండి,” అంది ఈశ్వరి. “కూకోండి డాక్టరమ్మగారూ. కుర్చీ ఒకటే ఉంది. ఇందులోనే కూకునేది మాయమ్మ.”

సుగాత్రి కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చింది. అవన్నీ వదిలేసి అడిగింది.

“మీ అమ్మగారి నివేదిక ప్రతివారం మీకు వచ్చేది కదమ్మా?”

ఈశ్వరి చేతులు ఆగిపోయాయి. చీర ఒళ్ళో పెట్టుకుని నేల వైపు చూసింది.

“వచ్చేదండి. ‘చదివాను’ అని నొక్కితే గాని ఫోన్లో గంట ఆగదు గదండీ. నొక్కేసేదాన్ని. ఫ్యాక్టరీలో లైను మీద నిలబడి ఉన్నప్పుడు వచ్చేది, సూపరవైజరు సూత్తా ఉంటాడు. ఒకసారి తెరిచేనండి. కొంగు సర్దుకుంది, మౌనం, కుక్కరు కూత... అలా ఉంది. మాయమ్మ కొంగు సర్దుకోడం నాకు తెల్దా అని మూసేసేను. పెద్ద పెద్ద డాక్టర్లు సూత్తన్నారు గదా, ఏదన్నా ఉంటే ఆళ్ళే పిలుత్తారు అనుకున్నా.”

“మేమూ చదవలేదమ్మా,” అంది సుగాత్రి.

ఈశ్వరి తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందని సుగాత్రి ఎదురుచూసింది. కోపం వస్తే కొంత తేలికయ్యేది. కానీ అందులో అలసట తప్ప ఏమీ లేదు.

“మీకూ పనులుంటాయి గదండీ,” అంది ఈశ్వరి. తర్వాత, “ఇప్పుడు సదివేరా?”

“చదివాను.”

“మొత్తవా?”

“మొత్తం.”

ఈశ్వరి లేచి కళ్ళు తుడుచుకుంది. గుర్తింపు కార్డు వెనక ఉన్న గడియారం చూసుకుంది. “నేను రెండింటికి షిఫ్టు ఎక్కాలండి. ఈసారీ షిఫ్టు పోతే పని తీసేత్తారు. అంతా ఇనే టైము లేదు, ఇనే ధైర్యవూ లేదు. ఒక్కటి సెప్పండి సాలు. మాయమ్మ నా గురించి ఏవన్నా అందా?”

సుగాత్రి నోరు తెరిచింది. ఇరవై ఏళ్ళ పాటు ఆమె సభల్లో చెప్పిన మాట ఒక్కటే. తెలిసింది తెలిసినట్టు చెప్పాలి, బాధ పెడుతుందని వదిలేసింది ఇంకెక్కడో ఒకరిని చంపుతుంది. అది నిజమేనని ఆమె ఇప్పటికీ నమ్ముతోంది. ఎదురుగా ఈశ్వరి తల్లి చీరని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది, దెబ్బ కాచుకుంటున్నట్టు.

“ఎక్కువగా సముద్రం గురించే మాట్లాడేవారమ్మా,” అంది సుగాత్రి. “మీ నాన్నగారి గురించి.”

“నా గురించి?”

“మీకు పని ఎక్కువనీ, తీరిక దొరకదనీ అనేవారు. నేను అర్థం చేసుకోగలను అన్నారు. బాబు జాగ్రత్త అన్నారు.”

ఈశ్వరి భుజాలు ఒక్కసారి దిగిపోయాయి. చీర ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, “అర్థం సేసుకుందన్నమాట. అదొక్కటే నన్ను తినేత్తందండి. నేను రాలేదని బెంగెట్టుకుందేమో అని,” అంది. సుగాత్రి ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. 

కొంతసేపటికి ఈశ్వరి సంచీ భుజాన వేసుకుంది. తలుపు తాళం వేసి, సుగాత్రికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. “మీరు ఇంత దూరం వచ్చి సెప్పేరు. మీ మేలు మర్సిపోను,” అని లిఫ్టు వైపు గబగబా వెళ్ళింది.

సుగాత్రి ఆ లిఫ్టు ఎక్కలేదు. మెట్ల మీదుగా దిగడం మొదలుపెట్టింది. మూడు అంతస్తులు దిగాక చేతి పట్టీలోంచి నిక్కచ్చి గొంతు వినిపించింది. అనుమానం వచ్చినప్పుడు రాసేముందు సరిచూసుకోవడం దాని పద్ధతి.

“డాక్టర్, మీరు ఆమెతో చెప్పిన వాక్యాలన్నీ నిజమే. నూకరత్నం కూతురిని రమ్మని పిలిచిన మాటలు మాత్రం మీరు చెప్పలేదు. చివరి రోజు మాటల్లో ముందు సగం వదిలేసి వెనక సగం చెప్పారు. దీన్ని ‘పరిశోధకురాలు వదిలేసిన అంశాలు’ అన్న శీర్షిక కింద రాస్తున్నాను. సరేనా?”

“రాయి.”

“వదిలేసిన అంశాలని పూర్తి పాఠంతో చేర్చాలన్నది నియమం. తల్లి అన్న మాటలన్నీ అందులో వస్తాయి.”

“తెలుసు.”

“ఇంకొక విషయం. రోగి మరణించినా ఆమె ఇచ్చిన సమ్మతి రద్దు కాలేదు. కాబట్టి ఈ నివేదిక ప్రతి కూడా కూతురికి వెళ్తుంది. ఈ సాయంత్రం షిఫ్టులో ఉండగా ఆమె ఫోనుకి చేరుతుంది.”

సుగాత్రి మెట్టు మీద ఆగిపోయింది. మెట్ల కిటికీలోంచి కింద కాలనీ గేటు కనిపిస్తోంది. ఈశ్వరి సంచీ మోసుకుంటూ ఫ్యాక్టరీ బస్సు వైపు పరిగెడుతోంది. బస్సు కదలబోతూ ఆమె కోసం ఆగింది. తలుపు దగ్గర ఎవరో చెయ్యి అందించి లోపలికి లాక్కున్నారు.

“పంపమంటారా?” అని అడిగింది నిక్కచ్చి.

బస్సు మలుపు తిరిగేదాకా సుగాత్రి చూసింది.

“పంపు,” అంది. “ఆవిడ తెరవదులే.”